కేస్ షీట్‌కెక్కని బాధ

క్యాన్సర్ రోగి తన ఒంట్లో ఏం జరుగుతోందో, తనకు ఏం కావాలో తానే చెబితే, ఆ మాటను పద్ధతి ప్రకారం నమోదు చేసి, దాన్నిబట్టి మందు మార్చడమో మోతాదు తగ్గించడమో ఇంటికి ఫోన్ చేయడమో చేసే విధానం వైద్యానికి కొత్తది కాదు. నొప్పి, వికారం, ఆయాసం, దిగులు వంటి తొమ్మిది బాధలను సున్నా నుంచి పది దాకా రోగి చేతనే కొలిపించే ఎడ్మంటన్ పట్టిక తొలి రూపాన్ని కెనడాలో ఎడ్వర్డో బ్రూయెరా బృందం 1991లోనే ప్రచురించింది. అయినా ఈ పనిని వైద్యంగా కాక మర్యాదగా చూసే అభిప్రాయం ఇప్పటికీ గట్టిగా నాటుకుని ఉంది. కణితిని స్కాన్ కొలుస్తుంది, రక్తం సంగతి ల్యాబ్ చెబుతుంది, మిగిలినదాన్ని అనుభవమున్న డాక్టరు కన్ను పట్టేస్తుంది. రోగి మాట మనసునుబట్టి మారేది కనుక చికిత్సకు అది ఆధారం కాజాలదు అన్నది ఆ వాదన. దానికి మూడు అనుబంధాలున్నాయి: రోగులు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతారు, ఓపీలో అంత తీరిక లేదు, చదువురాని మన రోగులకు ఈ ప్రశ్నపత్రాలేమిటి అని. ఇందులో ఏదీ పరీక్షకు నిలిచేది కాదు.

మొదట, నమ్మదగినవని పేరున్న అంకెల సంగతి. కీమో ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు ప్రపంచమంతటా డాక్టర్లు చూసేవాటిలో ముఖ్యమైనది రోగి పనిచేయగల స్థితి. దానికి 1940ల చివర్లో డేవిడ్ కార్నాఫ్‌స్కీ వంద మార్కుల కొలత ఇచ్చారు. తర్వాత సున్నా నుంచి అయిదు దాకా ఉండే ఈకాగ్ కొలత వాడుకలోకి వచ్చింది. కేస్ షీట్ మీద ‘ఈకాగ్ 2’ అని కనిపిస్తే అదేదో యంత్రం తీసిన రీడింగులా ఉంటుంది. నిజానికి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడు, బయటి పనికి మాత్రం పోలేడు, మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచం దిగే ఉంటున్నాడు అని దాని అర్థం. ఈ సంగతి డాక్టరుకు ఎలా తెలిసింది? రోగినో, వెంట వచ్చిన కొడుకునో అడిగితేనే తెలిసింది. మందుల దుష్ప్రభావాలకు డాక్టర్లు వేసే గ్రేడ్లదీ ఇదే కథ. వికారం రెండో గ్రేడు అంటే తిండి తగ్గింది గానీ బరువు పెద్దగా తగ్గలేదని. ఏ పరికరమూ వికారాన్ని కొలవదు. రోగి మాటే డాక్టరు నోటి మీదుగా, డాక్టరు జ్ఞాపకం మీదుగా కాగితం మీదకు వచ్చి, వచ్చేసరికి శాస్త్రీయమైన అంకెగా మారిపోతోంది. అదే మాటను రోగి నేరుగా రాస్తే మాత్రం ‘మనసునుబట్టి మారేది’ అవుతోంది! విన్నవాడి సాక్ష్యానికి ఉన్న విలువ అనుభవించినవాడి సాక్ష్యానికి లేకపోవడం ఏ న్యాయశాస్త్రంలోనూ కనిపించదు.

పోనీ, ఆ మధ్యవర్తిత్వమైనా నమ్మకంగా సాగుతోందా? ఇటలీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక విశ్లేషణ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. మూడు ట్రయల్స్‌లో పాల్గొన్న 1,090 మంది రోగులు స్వయంగా రాసినదాన్ని, అదే సమయంలో వారి గురించి డాక్టర్లు రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఆకలి లేకపోవడం, వికారం, వాంతులు, మలబద్ధకం, విరేచనాలు, జుట్టు రాలడం అనే ఆరింటిని తీసుకున్నారు. రోగి ఉందని చెప్పిన బాధ డాక్టరు రికార్డులో అసలు లేకుండా పోవడం, అతి తక్కువగా ఉన్నచోటే సుమారు 41 శాతం. ఆకలి విషయంలో 74 శాతం. ‘చాలా ఎక్కువగా ఉంది’ అని రోగులు రాసిన బాధల్లో సైతం, ఏ బాధ అన్నదాన్నిబట్టి, 13 నుంచి 50 శాతం దాకా జారిపోయాయి. కళ్ళెదుట కనిపించే జుట్టు రాలడం కూడా సగానికి పైగా సందర్భాల్లో నమోదు కాలేదంటే డాక్టరు కన్ను మీద పెట్టుకున్న భరోసాను కాస్త తగ్గించుకోక తప్పదు. పైగా ఇవి దుష్ప్రభావాలను రాయడమే విధిగా ఉండే ట్రయల్స్. రోజుకు వందల మంది వచ్చే ఓపీలో రికార్డు ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని ఆశించడానికి ఆధారమేమీ లేదు.

ఇందులో డాక్టర్ల నిర్లక్ష్యాన్ని వెతకనక్కర్లేదు. తప్పు క్యాలెండర్‌లోనే ఉంది. చాలా కీమోలు 21 రోజులకొకసారి ఇస్తారు. మందు ఎక్కిన రెండు మూడు రోజులకు వాంతులు ముదురుతాయి. వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాల ‘కౌంట్’ అట్టడుగుకు పడిపోతుంది, నోరు పూస్తుంది, మెత్తగా కలిపిన పెరుగన్నం కూడా గొంతు దిగదు. మూడో వారంలో శరీరం తేరుకుంటుంది. తేరుకున్నాకే తర్వాతి సైకిల్ ఇవ్వాలి కాబట్టి సరిగ్గా ఆ రోజుకే అపాయింట్‌మెంట్ ఉంటుంది. అంటే రోగి డాక్టరు ఎదుట కూర్చునేది మూడు వారాల్లోకెల్లా బాగున్న రోజున. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘పర్వాలేదు సార్’ అంటాడు. ఆ రోజుకు అది నిజమే. మిగిలిన ఇరవై రోజుల నిజం ఆదిలాబాద్‌లోనో ఇచ్ఛాపురంలోనో ఇంట్లో ఉండిపోతుంది.

ఆ ఇరవై రోజుల్లో జరిగేది చిన్నది కాదు. కౌంట్ పడిపోయిన వేళ జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది అత్యవసర పరిస్థితి. గంటల్లో యాంటీబయాటిక్ పడాలి. తెలుగు ఇళ్ళలో ఆ జ్వరానికి తొలి పేరు ‘వేడి చేసింది’. సబ్జా నీళ్ళు, మజ్జిగ ఇచ్చి తెల్లారేదాకా చూస్తారు. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందులు నరాలను దెబ్బతీసినప్పుడు మొదట తెలిసేది అరికాళ్ళ తిమ్మిరిగా, కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోవడంగా. ఈ దశలో మోతాదు తగ్గిస్తే నరం నిలబడే అవకాశం ఉంటుంది; ఆలస్యమైతే చొక్కా గుండీ పెట్టుకోలేని చేతులు శాశ్వతంగా మిగలవచ్చు. స్కాన్‌లో కణితి తగ్గినట్టు కనిపిస్తుంది, గుండీ సంగతి కనిపించదు.

రోగిని క్రమం తప్పకుండా అడిగితే ఫలితం మారుతుందా అన్నదానికి అత్యంత ప్రసిద్ధమైన పరీక్ష న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో జరిగింది. ఈథన్ బాష్ బృందం 2007 నుంచి 2011 దాకా, వ్యాధి ఇతర అవయవాలకు పాకి కీమో తీసుకుంటున్న 766 మందిని చేర్చుకుని, లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసింది. ఒక వర్గానికి మామూలు వైద్యం. రెండో వర్గం మాత్రం పన్నెండు సాధారణ బాధల గురించి కంప్యూటర్‌లో జవాబులిచ్చేది. బాధ తీవ్రమైనా, ముదిరినా నర్సుకు హెచ్చరిక వెళ్ళేది. కొత్త మందేమీ లేదు. ఏడాదిలో అత్యవసర విభాగానికి వచ్చినవారు మామూలు వర్గంలో 41 శాతం, అడిగిన వర్గంలో 34 శాతం. కీమోను తట్టుకుని కొనసాగించిన సగటు కాలం 6.3 నెలల నుంచి 8.2 నెలలకు పెరిగింది. 2017లో వెలువడిన ఆయుర్దాయపు లెక్కల్లో మధ్యస్థ జీవితకాలం మామూలు వర్గానికి 26 నెలలు, అడిగిన వర్గానికి 31.2 నెలలు. అదే ఏడాది ఫలితాలు వెలువడిన, ఫ్రాన్స్‌లో 133 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద వారం వారం ప్రశ్నలతో జరిపిన పరీక్షలో ఈ తేడా 12 నెలలకు, 19 నెలలకు మధ్య కనిపించింది. వీటిని మాయగా చూడనక్కర్లేదు. బాధ ముదరకముందే ఆపితే మందు ఆపాల్సిన అవసరం తగ్గుతుంది. మందు ఆగకపోతే వ్యాధి మీద ఒత్తిడి కొనసాగుతుంది. ఫ్రెంచ్ పరీక్షలో వ్యాధి తిరగబెట్టినట్టు తేలేనాటికి రోగుల స్థితి కూడా మెరుగ్గా ఉంది.

ఇక్కడ ప్రత్యర్థి దగ్గరున్న అత్యంత బలమైన ఆయుధాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. అదే బాష్ నాయకత్వంలో అమెరికాలోని 52 చికిత్సా కేంద్రాల్లో 1,191 మందితో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. 2022లో వెలువడిన దాని ఫలితాల్లో శారీరక సామర్థ్యం, బాధల అదుపు, జీవన నాణ్యత మెరుగయ్యాయి. తుది ఫలితాలు 2025లో వచ్చాయి: అత్యవసర విభాగానికి తొలిసారి వెళ్ళాల్సిన అవసరం ఆలస్యమైంది గానీ, జీవితకాలంలో తేడా కనిపించలేదు. దీంతో ‘చూశారా, ఆ అయిదు నెలలూ ఉత్తదే’ అనేవారు బయలుదేరారు. ఒకే కేంద్రంలో వచ్చిన ఫలితం అన్నిచోట్లా రాకపోవచ్చన్న హెచ్చరికగా దీన్ని స్వీకరించాల్సిందే. ప్రశ్నలడిగితే ఆయుష్షు పెరుగుతుందని అదొక్కటే చెప్పి ఈ పద్ధతిని అమ్మజూపినవారికి ఇది తగిన చురకే. కానీ ఆయుష్షు పెరగలేదు కనుక అడగడం వ్యర్థమనడం వేరే సంగతి. కీమోకు ముందు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఎన్ని నెలల ఆయుష్షు పోస్తుందని ఏ డాక్టరూ లెక్క అడగడు. వాంతులు ఆపుతుంది, చాలు. మందుకు లేని షరతు మాటకు మాత్రం పెట్టడంలో కనిపించేది శాస్త్రీయత కాదు, మాట పట్ల చిన్నచూపు.

రోగులు ఎక్కువచేసి చెబుతారన్న అనుబంధం ఇంకా బలహీనమైనది. క్యాన్సర్ వార్డులో దాచడానికి ఉన్నన్ని కారణాలు పెంచి చెప్పడానికి లేవు. నీరసంగా ఉందంటే కీమో ఆపేస్తారేమోనన్న భయం ఒకటి. ‘ఇంత పెద్ద డాక్టరుకు ఇంత చిన్న సంగతా’ అన్న మొహమాటం ఒకటి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న స్త్రీ మూత్రం నిలవకపోవడం గురించి, కలయికలో నొప్పి గురించి, గదిలో మరిది ఉండగా ఏం చెబుతుంది? చాలా కుటుంబాల్లో జబ్బు పేరే పెద్దాయనకు చెప్పరు; ప్రశ్న ఆయన్ని అడిగితే జవాబు కోడలు ఇస్తుంది. ఇక మాట నమ్మదగినదేనా అంటే, యూరప్‌లోని 30 ట్రయల్స్‌లో చేరిన పదివేల మందికి పైగా రోగుల సమాచారాన్ని కలిపి 2009లో ఒక విశ్లేషణ వచ్చింది. చికిత్సకు ముందు రోగి తన శారీరక సామర్థ్యం, నొప్పి, ఆకలి గురించి రాసిన మాటలు, వయసూ వ్యాధి వ్యాప్తీ వంటి వివరాలకు అదనంగా, ఎవరు ఎంతకాలం బతుకుతారో ఊహించడానికి పనికివచ్చాయి. ‘మనసునుబట్టి మారే’ మాట మరణాన్ని ముందుగా ఎలా పసిగట్టిందో ఆ వాదన చేసేవారే చెప్పాలి. అలాగని డాక్టరు అంచనాను తీసిపారేయడానికీ లేదు. అదే ఏడాది స్లోన్ కెటరింగ్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో అత్యవసర విభాగానికి వెళ్ళాల్సిరావడం, మరణం వంటి పెద్ద ఘటనలను డాక్టర్ల గ్రేడ్లు బాగా సూచించాయి. రోజువారీ ఆరోగ్యస్థితిని రోగుల మాటలు బాగా ప్రతిఫలించాయి. రెండు కొలతలు రెండు వేర్వేరు సంగతులను చెబుతున్నాయి. ఇప్పటి వ్యవస్థలో రెండోదానికి కేస్ షీట్‌లో గడి కూడా లేదు.

తీరిక లేదన్నదానికి జవాబు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 2004లోనే దొరికింది. 28 మంది డాక్టర్లు, 286 మంది రోగులతో జరిగిన పరీక్షలో, రోగి ముందుగా నింపిన జవాబులు డాక్టరు చేతిలో ఉన్నప్పుడు సంభాషణ మెరుగుపడింది గానీ సంప్రదింపు సమయం పెరగలేదు. వెతుక్కునే సమయం ఆదా అయింది కనుక ఇందులో ఆశ్చర్యమూ లేదు. ఈ పద్ధతికి కావలసింది డాక్టరు నిమిషాలు కాదు, నర్సు గంటలు. న్యూయార్క్ పరీక్షలో హెచ్చరిక వచ్చినప్పుడు నర్సులు నూటికి 77 సార్లు ఏదో ఒక చర్య తీసుకున్నారు: ఫోన్‌లో సలహా, మందు, మోతాదు మార్పు, వేరే నిపుణుడి దగ్గరకు పంపడం. ఆ నర్సు లేకుండా ట్యాబ్లెట్ కంప్యూటర్ ఒక్కటే కొని రిసెప్షన్‌లో పెడితే వచ్చేది అంకెల కుప్ప. కొన్ని ఆసుపత్రులకు కావలసిందీ అదేనేమో. గుర్తింపు తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి బాగుంటుంది.

చదువు విషయానికి వస్తే, వాస్తవం ఊహకు ఎదురు తిరుగుతుంది. న్యూయార్క్ పరీక్షలో కంప్యూటర్ అలవాటే లేనివారిని విడిగా చూస్తే, ఎక్కువ మేలు పొందినది వారే. కారణం ఊహించడం కష్టం కాదు. చదువూ పలుకుబడీ ఉన్నవాడు ఎలాగూ డాక్టరు నంబరు సంపాదించి ఫోన్ చేస్తాడు. అడిగితే తప్ప చెప్పలేనివాడికే అడగడం అవసరం. అయితే న్యూయార్క్ ప్రశ్నను తెనిగించి ఇస్తే సరిపోదన్నది నిజం. ఐరోపాలో పుట్టిన ముప్పై ప్రశ్నల క్యూఎల్‌క్యూ-సీ30 లాంటివాటికి తెలుగు అనువాదాలున్నాయి, పరిశోధనకు పనికొస్తాయి. ఓపీ వరండాలో కూర్చున్న మనిషి భాష ఇంకోటి. ఒకరికి కడుపులో తిప్పుతుంది, ఇంకొకరికి దేవుతుంది. ఒకచోట నీరసం, ఇంకోచోట నిస్సత్తువ, మరోచోట పెయ్యంతా గుంజుడు. సున్నా నుంచి పది అనే మెట్లు తెలియని ముసలమ్మకు రూపాయి తెలుసు. ‘రూపాయిలో ముప్పావలా తగ్గింది, పావలా ఉంది’ అని తెలుగువాళ్ళు నొప్పిని కొలుచుకోవడం ఏ ప్రశ్నావళి కంటే ముందునుంచో ఉన్నదే. ఆ పావలాను రెండున్నరగా రాసుకోవడానికి నర్సుకు శిక్షణ కూడా అక్కర్లేదు. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి మామూలు ఫోన్ చాలు. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది.

అడగవలసినది బాధల దగ్గర ఆగదు. క్యాన్సర్ నొప్పి ఒంటికే కాక మనసుకూ కుటుంబానికీ నమ్మకాలకూ చెందినదని 1960ల్లోనే సిసిలీ సాండర్స్ ‘టోటల్ పెయిన్’ అన్న పేరుతో చెప్పారు. తెలుగు జిల్లాల్లో ఆ నాలుగింటికి డబ్బును కలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును చాలావరకు మోసింది. కానీ 21 రోజులకొకసారి తోడు వచ్చినవాడి పోయిన కూలి, పట్నంలో రాత్రి బస ఏ ప్యాకేజీకీ అందేవి కావు. నాట్ల వేళ ఒక సైకిల్ ఎగ్గొట్టిన రైతును కేస్ షీట్ ‘సహకరించని రోగి’ అంటుంది. ముందు సైకిల్లోనే అడిగి ఉంటే తేదీని నాలుగు రోజులు అటో ఇటో జరిపేవారేమో. ఇంకొకటి పథ్యం. జబ్బు పేరు వినగానే వంకాయ మానేయించి, గుడ్డు, మాంసం మానేయించి, పప్పు కూడా వాతమని తీసేసి, చారన్నం మీద పెట్టిన రోగి బరువు తగ్గుతుంటే డాక్టరు వ్యాధి ముదిరిందేమోనని స్కాన్ రాస్తాడు. ‘రోజూ ఏం తింటున్నారు?’ అన్న ప్రశ్న స్కాన్ కంటే చవక.

అడిగినా ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు అడగడం ఎందుకన్నది చివరగా వినిపించే మాట. మిగతావాటికంటే నిజాయితీ ఉన్న మాట కూడా. దీన్ని మార్ఫిన్ కథతో పోల్చి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్లవారీ మందుల విధానం ఇచ్చింది, పై మెట్టు మీద మార్ఫిన్. చట్టబద్ధంగా నల్లమందు పండించే భారతదేశంలోనే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, రాష్ట్రానికో తీరు లైసెన్సులు కలిసి ఆ మందును రోగికి దూరం చేశాయి. 2014 సవరణతో నియమాలు కొంత సడలాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం వేళ్ళూనాకే అక్కడి పేద రోగికి నొప్పి తగ్గించే వైద్యం అందుబాటులోకి వచ్చింది. చట్టం సడలినా చాలా ఆసుపత్రుల స్టోర్‌లో మార్ఫిన్ ఇప్పటికీ కనిపించదు. ఇండెంట్ పెట్టేది నిరుటి వాడకాన్నిబట్టి. నిరుడు నొప్పిని ఎవరూ అడగలేదు, అడగలేదు కనుక ఎవరూ రాయలేదు, రాయలేదు కనుక వాడలేదు, వాడలేదు కనుక ఈ ఏడు అవసరం లేదు. ఇవ్వడానికి మందు లేదు కాబట్టి అడగడం లేదంటున్నారు గానీ, ఎంతమంది నొప్పిని రూపాయికి ముప్పావలాగా చెప్పారో లెక్క ఉంటే స్టోర్‌కు వెళ్ళే ఇండెంట్‌లో అంకె వేరుగా ఉండేది.